వప: పొట్టలోని వల, దాని పేర్ల చరిత్ర

సూళ్లూరుపేటకు తూర్పున పులికాటు సరస్సు వ్యాపించి ఉన్నది. ఆ సరస్సును నమ్ముకొని బ్రతికేవారి ఇండ్ల ముందు వలలు ఆరవేసి ఉండడం నిత్యం కనబడే దృశ్యం. అదే ఊరి సంతలో మాంసం దుకాణం వద్ద నిలిచి చూచినవారికి మరొక వల కూడా కనబడుతుంది. మేక పొట్టను చీల్చగానే ప్రేవులు వెంటనే బయటపడవు. వాటి మీద సన్నని, పారదర్శకమైన పొర ఒకటి పరచుకొని ఉంటుంది. ఆ పొరలో తెల్లని క్రొవ్వు దారాలవలె అల్లుకొని, నడుమ నడుమ కన్నులు విడిచి, అచ్చంగా విసురు వలను తలపిస్తుంది. కోసేవాడు దానిని ఒక్క చేతితో ఎత్తి ప్రక్కన పెడతాడు. ఇట్టిదే మనిషి పొట్టలోనూ ఉన్నది.

ఇంతమంది కండ్లబడే ఈ అవయవానికి తెలుగులో పేరేమిటని అడిగితే చాలామంది తడుముకొంటారు. 'క్రొవ్వు పొర' అని సరిపెట్టుకొంటారు. వైద్యులు 'ఒమెంటం' అంటారు. శస్త్రచికిత్సకు ముందు సంతకం కోసం ఇచ్చే కాగితంలో ఆ మాట ఉంటే, సంతకం చేసేవారికి తమ దేహంలో దేనిని తొలగించబోతున్నారో బోధపడదు. కాని దీనికి మన దేశంలో పేరు లేకపోలేదు. చాల పురాతనమైన పేరున్నది. అది 'వప'.

వప ఎక్కడ ఉన్నది?

పొట్టగోడల లోపలి వైపునూ, పొట్టలోని అవయవాల పైననూ నునుపైన పలుచని పొర ఒకటి ఉన్నది. దానిని ఉదరవేష్టనం అంటారు. ఈ పొర ఒక అవయవం నుండి మరొక దానికి సాగేటప్పుడు మడతలు పడుతుంది. జీర్ణకోశపు దిగువ అంచు నుండి ప్రేవుల మీదుగా క్రిందికి దిగి, మరల పైకి మడిచి, పెద్ద ప్రేవులోని అడ్డభాగానికి అతుకుకొనే మడత పెద్ద వప. కాలేయం నుండి జీర్ణకోశపు ఎగువ అంచుకు సాగేది చిన్న వప. పెద్ద వప దిగేటప్పుడు రెండు పొరలు, ఎక్కేటప్పుడు రెండు పొరలు కాబట్టి మొత్తం నాలుగు పొరలు. పెద్దవారిలో ఇవి కలిసిపోయి ఒక్కటిగా కనబడతాయి.

వంటయింట్లో బట్టలకు మరకలు అంటకుండా నడుముకు కట్టుకొనే గుడ్డ ఎట్లా ముందు వ్రేలాడుతుందో, పెద్ద వప అట్లే ప్రేవుల ముందు వ్రేలాడుతుంది. బక్కపలుచని మనిషిలో అది సాలెగూడు వలె పలుచగా ఉంటుంది. స్థూలకాయునిలో క్రొవ్వు నిండి దళసరి అవుతుంది. ప్రేవులను వీపు వైపు గోడకు కట్టి ఉంచే పొర వేరొకటి ఉన్నది. దాని పేరు ఆంత్రయోజని. వప ప్రేవులకు ముందున్న తెర, ఆంత్రయోజని ప్రేవులకు వెనుకనున్న పట్టు. ఈ రెంటినీ ఒకటిగా భావించరాదు.

యజ్ఞశాల నుండి వైద్యశాలకు

వైదిక వాఙ్మయంలో 'వప' అనే మాట ఎంతో స్పష్టమైన అర్థంతో వాడబడినది. పశుయాగంలో మొట్టమొదట వేరుచేసి అగ్నికి అర్పించేది వపనే. దానిని కాల్చడానికి 'వపాశ్రపణి' అనే ప్రత్యేకమైన పుల్లలు ఉండేవి. అవి కార్ష్మర్య వృక్షపు కట్టెతో చేయాలని నియమం. శతపథ బ్రాహ్మణంలో ఈ క్రియ వివరంగా ఉన్నది. ఆంధ్రదేశంలో ఎక్కువగా అధ్యయనం చేయబడే తైత్తిరీయ శాఖలోనూ వప ప్రస్తావన కలదు. ప్రేవులు వేరు, క్రొవ్వు వేరు, వప వేరు అని యాజ్ఞికులు గుర్తించక తప్పలేదు. ఏ భాగం ఎప్పుడు అర్పించాలో తప్పితే కర్మ చెడుతుంది. కాబట్టి ఇక్కడ శరీరభాగాల పేర్లు ఖచ్చితంగా ఉండవలసి వచ్చినది.

ఈ మాటను ఆయుర్వేదం స్వీకరించినది. చరకసంహిత శారీరస్థానంలో కోష్ఠాంగాలు, అనగా దేహమధ్యభాగంలోని అవయవాలు, 15 అని లెక్కించబడినవి. నాభి, హృదయం, క్లోమం, కాలేయం, ప్లీహం, వృక్కాలు, వస్తి మొదలైనవాటితో పాటు చివరన 'వపావహనం' అనేది ఉన్నది. అదే గ్రంథం విమానస్థానంలో మేదస్సును, అనగా క్రొవ్వును, ప్రవహింపజేసే స్రోతస్సులకు మూలాలు వృక్కాలు, వపావహనం అని చెప్పబడినది. మూత్రపిండాల చుట్టూ, వప యందు క్రొవ్వు చేరుతుందన్నది కంటికి కనబడే సత్యమే. 11వ శతాబ్దికి చెందిన వ్యాఖ్యాత చక్రపాణిదత్తుడు వపావహనం మేదస్సుకు స్థానమనీ, లోకంలో దానిని 'తైలవర్తిక' అంటారనీ వివరించినాడు. తైలవర్తిక అంటే నూనె వత్తి.

ఈ వత్తి పోలికే సుశ్రుత సంహితలో మరొక సందర్భంలో కనబడుతుంది. చికిత్సాస్థానం రెండవ అధ్యాయంలో పొట్ట మీది గాయాల ప్రస్తావన ఉన్నది. గాయం నుండి ప్రేవు బయటికి వస్తే దానిని పాలతో తడిపి, నేయి పూసి, గోళ్లు తీసివేసుకొన్న చేతితో మెల్లగా లోపలికి పంపాలి. కాని 'మేదోవర్తి', అనగా క్రొవ్వు వత్తి, బయటికి వస్తే చేయవలసినది వేరు. దాని మీద వగరు ద్రవ్యపు బూడిద, మన్ను చల్లి, దారంతో గట్టిగా కట్టి, అగ్నిలో కాల్చిన శస్త్రంతో కోసివేసి, తేనె పూయాలి.

ఈ రెండు విధులను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే సుశ్రుతుని విజ్ఞత తెలుస్తుంది. ప్రేవును కోస్తే మనిషి బ్రతకడు, కాబట్టి దానిని లోపలికి పంపాలి. బయటికి వచ్చిన వపను కోసినా మనిషి బ్రతుకుతాడు. అయితే దానిలో రక్తనాళాలు మెండుగా ఉన్నవి కాబట్టి ముందు దారంతో బిగించి, తరువాత కోయాలి. కాల్చిన కత్తి వలన రక్తస్రావం మరింత తగ్గుతుంది. నేటి వైద్యులు కూడా వపలో కొంత భాగాన్ని తీసివేయవలసి వస్తే ముందు నాళాలను కట్టి, తరువాతనే కోస్తారు.

తేలియాడే తెర

గ్రీకులు వపకు 'ఎపిప్లోన్' అని పేరు పెట్టినారు. పైన తేలేది అని ఆ మాటకు అర్థం చెబుతారు. ప్రేవుల మీద, నీటి మీద పడవ వలె, తేలుతున్నట్లు కనబడుతుంది కాబట్టి ఆ పేరు. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దిలో అరిస్టాటిల్ వప ఆహారం అరగడానికి కావలసిన వేడిని ఇస్తుందని భావించినాడు. క్రీస్తు శకం 2వ శతాబ్దివాడైన గాలెన్ ఇదే అభిప్రాయాన్ని ఒక ఉదాహరణతో సమర్థించినాడు. అతడు పెర్గమం నగరంలో గ్లాడియేటర్లనే ఖడ్గయోధులకు వైద్యుడుగా ఉండేవాడు. పొట్టకు గాయమై వప బయటపడగా, దాదాపు అంతా కోసివేయబడిన ఒక యోధుడు బ్రతికి బయటపడినాడట. కాని తరువాత చలికి తాళలేక ఎల్లప్పుడూ పొట్టకు ఉన్ని కప్పుకొనేవాడట.

గాలెన్ చూచినది నిజమే కావచ్చును, కాని ఒక్క మనిషిని చూచి చేసిన నిర్ణయం నిలువలేదు. నేడు కొన్ని వ్యాధులలో వపను పూర్తిగా తీసివేస్తున్నారు. అట్టివారు చలికి వణుకుతూ ఉండడం లేదు. అయినా గాలెన్ మాట 1000 సంవత్సరాలకు పైగా చెల్లినది. పెద్దవారు చెప్పినదైనా పరీక్షించక స్వీకరించరాదు అన్న పాఠానికి వప ఒక మంచి నిదర్శనం.

లాటిన్‌లో ఈ అవయవానికి 'ఒమెంటం' అని పేరు. అరబ్బులు 'సర్బ్' అన్నారు. మధ్యయుగంలో అరబ్బీ వైద్యగ్రంథాలు లాటిన్‌లోకి మారినప్పుడు ఆ అరబ్బీ మాట 'జిర్బుస్' అనే రూపంతో యూరపు చేరినది. కొంతకాలం ఐరోపా వైద్యులు గ్రీకు మాట, లాటిన్ మాట, అరబ్బీ మాట మూడింటినీ వాడినారు. వీటితో పాటు 'వల' అనే అర్థమిచ్చే మాట కూడా లాటిన్‌లో ఉండేది. జర్మనులు నేటికీ దీనిని 'పెద్ద వల' అనే అంటారు. డచ్చివారి మాట కూడా వల అనే. ఆ డచ్చివారే 1613లో పులికాటులో గెల్డ్రియా కోట కట్టి, చాలాకాలం ఈ తీరంలో వర్తకం సాగించినారు. చీనీయులు దీనిని 'పెద్ద వల పొర' అనీ, జపానువారు 'పెద్ద వల' అనీ వ్యవహరిస్తారు. ఎక్కడెక్కడి మనుష్యుల కంటికో ఈ పొర వల వలెనే కనబడినది. పులికాటు తీరవాసికి ఈ పోలికను ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

వలలో చిక్కని రక్తకణాలు

17వ శతాబ్దిలో సూక్ష్మదర్శిని వచ్చిన తరువాత వపకు క్రొత్త ప్రాముఖ్యం కలిగినది. పలుచని పొర, లోపల సన్నని రక్తనాళాలు. వెలుగులో పట్టి చూడడానికి ఇంతకంటె అనుకూలమైనది మరొకటి లేదు. ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు మార్సెల్లో మాల్పీగీ 1665లో వపను గురించి, క్రొవ్వును గురించి ఒక గ్రంథం ప్రకటించినాడు. ముళ్లపంది వంటి ఒక చిన్న జంతువు వపలోని రక్తనాళాన్ని పరిశీలించగా ఎర్రని చిన్న గుండ్లు కనబడినవి. అవి ప్రవాహంలో కొట్టుకొనిపోతున్న క్రొవ్వు బిందువులని అతడు అనుకొన్నాడు. నిజానికి అవి ఎర్ర రక్తకణాలు. వప క్రొవ్వుకు స్థానం అన్న నమ్మకం ముందే మనస్సులో ఉండుట వలన కంటిముందున్న రక్తకణం కూడా క్రొవ్వుగా కనబడినది.

1732లో పారిస్ నగరంలో జాకబ్ విన్‌స్లో తన శరీరనిర్మాణ గ్రంథంలో చిన్న వప వెనుకనున్న ద్వారాన్ని వర్ణించినాడు. ఆ ద్వారం గుండా జీర్ణకోశం వెనుకనున్న సంచిలోకి వేలు పోనీయవచ్చును. వైద్య విద్యార్థులు నేటికీ దానిని విన్‌స్లో ద్వారం అంటారు. దీనికే గ్రీకు మాటతో ఒక పేరు, లాటిన్ మాటతో ఒక పేరు కూడా ఉన్నవి. జీర్ణకోశం అంచున వపలో సాగే ధమనికీ ఇట్లే రెండు పేర్లు. ఒకే పుస్తకంలో ఒక పుటలో గ్రీకు పేరు, మరొక పుటలో లాటిన్ పేరు చదివి ఇవి రెండు వేర్వేరు ధమనులని విద్యార్థులు భ్రమపడడం కద్దు. ఈ గందరగోళం తొలగించడానికి 1895లో శరీరశాస్త్రజ్ఞులు స్విట్జర్లాండులోని బాజెల్ నగరంలో ఒక పేర్ల పట్టికను అంగీకరించినారు. 1998లో ప్రకటించిన అంతర్జాతీయ పట్టికలో ఆ ధమనికీ, ఆ ద్వారానికీ లాటిన్ మాటతో కూడిన పేర్లే ఇవ్వబడినవి.

పొట్టలోని తలారి

వప వలన ప్రయోజనమేమిటి? 1906లో ఇంగ్లండు శస్త్రవైద్యుడు రూథర్‌ఫర్డ్ మారిసన్ దీనిని పొట్టలోని పోలీసువానితో పోల్చినాడు. మన పల్లెల మాటలో చెప్పాలంటే తలారి. ఊరిలో ఎక్కడ అలజడి కలిగినా తలారి అక్కడికి పోయినట్లు, పొట్టలో ఎక్కడ వాపు, చీము, రంధ్రం కలిగినా వప అక్కడికి చేరి అంటుకొంటుంది. శస్త్రవైద్యుడు పొట్ట తెరచినప్పుడు వప ఒక మూలకు చేరి ముద్దగా ఉంటే వ్యాధి అక్కడనే ఉన్నదని గ్రహిస్తాడు.

అయితే వపకు కాళ్లూ లేవు, కండరాలూ లేవు. దానంతట అది కదలలేదు. ప్రేవుల కదలిక, ఊపిరి పీల్చి విడిచేటప్పుడు కలిగే ఒత్తిడి దానిని అటూ ఇటూ కదలిస్తాయి. వాచిన భాగం తగిలినప్పుడు అక్కడ ఊరే జిగట పదార్థం వలన అంటుకొనిపోతుంది. ఇక వప పొరలో అక్కడక్కడ పాలచుక్కల వంటి తెల్లని మచ్చలు ఉన్నవి. 1863లో జర్మనీలో ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ వీటిని గుర్తించగా, 1874లో ఫ్రాన్సులో రాన్వియే వీటికి 'పాలచుక్కలు' అనే పేరు పెట్టినాడు. రోగక్రిములను మ్రింగే తెల్ల రక్తకణాలు ఇక్కడ గుంపులుగా ఉంటాయి. కాబట్టి తలారికి ఆయుధాలు కూడా ఉన్నట్లే.

చిన్న పిల్లలలో వప పలుచగా, పొట్టిగా ఉంటుంది. అందుచేత ఉండుకం వాచి పగిలినప్పుడు దానిని చుట్టుముట్టి ఆపే శక్తి తక్కువ. చీము పొట్ట అంతటా వ్యాపించే ప్రమాదం పిల్లలలో ఎక్కువ. పసిపిల్లవాడు పొట్టనొప్పి, వాంతి, జ్వరంతో బాధపడుతుంటే ఇంటి మందులతో రోజులు గడపక వెంటనే ఆస్పత్రికి తీసుకొనిపోవాలని వైద్యులు చెప్పడానికి ఇది ఒక కారణం.

వప అంటుకొనే గుణాన్ని శస్త్రవైద్యులు ఉపయోగించుకొన్నారు. చిన్న ప్రేవు మొదటి భాగంలో పుండు పడి రంధ్రమైతే ఆ రంధ్రం మీద వప ముక్కను పెట్టి కుట్టే పద్ధతిని 1929లో సెల్లన్-జోన్స్, 1937లో గ్రాహం వివరించినారు. చినిగిన బట్టకు మాసిక వేసినట్లే ఇది. ఈ పుండ్లు దక్షిణ భారతదేశంలో ఒకప్పుడు ఎక్కువగా కనబడేవి కాబట్టి ఈ మాసిక మన ప్రాంతపు ఆస్పత్రులలో ఎందరి ప్రాణాలనో కాపాడినది. పుండ్లలో అధిక భాగానికి ఒక సూక్ష్మజీవి కారణమని బారీ మార్షల్, రాబిన్ వారెన్ కనుగొన్నారు. వారికి 2005లో నోబెల్ బహుమానం లభించినది.

తలారి కూడా ఒక్కొక్కప్పుడు దొంగకు లొంగిపోతాడు. పొట్టకు క్షయ సోకినప్పుడు వప ముడుచుకొని గట్టి ముద్ద అవుతుంది. అండాశయపు క్యాన్సరు కణాలు వపలో తేలికగా నాటుకొంటాయి. అట్టి రోగులకు వపను తీసివేయడం చికిత్సలో ఒక భాగం. క్రొవ్వు మితిమీరి వపలో చేరడం మధుమేహానికి, హృద్రోగానికి దారి తీయగలదు.

ఒక మాట, పలు అర్థాలు

'వప' ఇంత ప్రాచీనమైన మాట అయినా తెలుగులో ఎందుకు స్థిరపడలేదు? ఒక కారణం దాని అర్థం సడలిపోవడమే. అమరకోశం వపను మేదస్సుకు, వసకు పర్యాయపదంగా చెప్పినది. ఆ నిఘంటువులోనే మరొక చోట వప అంటే రంధ్రం, బిలం అనే అర్థం కూడా ఉన్నది. యజ్ఞశాలలో ఒక ప్రత్యేక అవయవానికి పేరైన మాట నిఘంటువులలో సామాన్యమైన క్రొవ్వుగా మారిపోయినది.

తెలుగు బైబిలులో ఈ మాట మరొక రూపంలో కనబడుతుంది. లేవీయకాండంలో బలిపశువు భాగాలను చెప్పేటప్పుడు కాలేయం, మూత్రపిండాల ప్రసక్తిలో 'వప' అనే మాట వాడినారు. ఇంగ్లీషు అనువాదంలో అక్కడ కాలేయం మీది పొర అనే అర్థమిచ్చే మాట ఉన్నది. మూల హీబ్రూ పదానికి కాలేయంలోని ఒక తమ్మె అనే అర్థం సరియైనదని నేటి పండితులు పలువురు భావిస్తారు. ఏమైనా తెలుగు అనువాదకులు తగిన మాట కోసం వెదకి, మన యాజ్ఞికుల మాటనే పట్టుకొన్నారు. రెండు వేర్వేరు మతాల బలిపద్ధతులు ఒక్క తెలుగు మాటలో కలుసుకొన్నవి.

పరిభాష ఎట్లా ఉండాలి?

తెలుగులో శాస్త్రగ్రంథాలు వ్రాయాలన్న ఉద్యమం 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలితో బలపడినది. ఆ గ్రంథమాలకు జీవశాస్త్రం వ్రాసిన ఆచంట లక్ష్మీపతి పాశ్చాత్య వైద్యం, ఆయుర్వేదం రెండూ నేర్చినవాడు. హైదరాబాదులో 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం మరొక ప్రయోగం చేసినది. అక్కడ కొంతకాలం వైద్యవిద్య కూడా ఉర్దూలో బోధించబడినది. కేంద్ర ప్రభుత్వం 1961లో శాస్త్ర సాంకేతిక పరిభాషా సంఘాన్ని నియమించినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యగ్రంథాలతో పాటు పారిభాషిక పదకోశాలను ప్రకటించినది. హిందీ వైద్య పరిభాషలో ఈ అవయవానికి 'వపా' అనే మాటనే గ్రహించినారు.

పరిభాషకు రెండు మార్గాలున్నవి. సూళ్లూరుపేట ప్రజలే ఇందుకు సాక్షులు. 1971 అక్టోబరులో శ్రీహరికోట నుండి మొదటి రోహిణి రాకెట్ ఎగిరినప్పటి నుండి ఆ ఊరిలో పసిపిల్లలకు కూడా 'రాకెట్' అనే మాట తెలియును. అది పరభాషా పదమే అయినా తెలుగైపోయినది. ఆ రాకెట్ మోసుకొనిపోయే దానిని వారే 'ఉపగ్రహం' అంటారు. అది సంస్కృతం నుండి గ్రహించిన మాట, అదీ తెలుగైపోయినది. ఒకటి అరువు, ఒకటి మన సొత్తు. రెండూ బ్రతికినవి, ఎందుకంటే నిత్యం వాడుకలో ఉన్నవి. వాడని మాట ఎంత అందమైనదైనా పదకోశంలోనే ఎండిపోతుంది.

ఈ దృష్టితో చూస్తే 'వప' అనే మాటకు అన్ని అర్హతలూ ఉన్నవి. రెండే అక్షరాలు, పలకడం సులభం. పెద్ద వప, చిన్న వప, వపాద్వారం, వపాకోశం అని సమాసాలు తేలికగా వస్తాయి. కావలసినది ఒక్కటే: క్రొవ్వు అనే సామాన్యార్థంలో దీనిని వాడక, ఈ ఒక్క అవయవానికే కేటాయించాలి. క్రొవ్వుకు క్రొవ్వు అనే చక్కని మాట ఉండనే ఉన్నది. వైద్యుడు 'ఒమెంటం' అన్నా, వెంటనే 'వప, పొట్టలో వల వలె ఉండే క్రొవ్వు పొర' అని చెబితే రోగికి విషయం బోధపడుతుంది.

ఉన్నత పాఠశాలలో జీర్ణమండలం పాఠం చెప్పేటప్పుడు ఉపాధ్యాయులు జీర్ణకోశం, చిన్న ప్రేవు, పెద్ద ప్రేవు బొమ్మ వేస్తారు. సాధారణంగా ఆ బొమ్మలో వప ఉండదు, ఎందుకంటే అది ముందు ఉండి మిగిలినవాటిని కప్పివేస్తుంది. బొమ్మ పూర్తి అయిన తరువాత దాని మీద పలుచని కాగితం ఒకటి అతికించి, దాని మీద వల గీయించి, క్రింద 'వప' అని వ్రాయించవచ్చును. కాగితం ఎత్తితే ప్రేవులు కనబడతాయి, వదిలితే వప కప్పుతుంది. పొట్టలోని అమరిక కూడా అట్లే ఉన్నది.